సముద్రపు గాలికి నిలిచే చెక్క

సాగర్‌నగర్‌లో మా డాబా మీద పందిరికి ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేసిన పైన్ కలప వాడుతున్నాం. ఇందులో మందును పైపైన పూయరు. కలపను ఇనుప ట్యాంకులో పెట్టి, గాలి లాగేసి, ఒత్తిడితో మందును లోపలికి ఎక్కిస్తారు. చెదలకూ బూజుకూ తట్టుకునేది అందుకే.

అయినా మందు చెక్క నడిమధ్య దాకా చేరదు. కోస్తే మందు ఎక్కని చెక్క బయటపడుతుంది. అందుకే కోసిన ప్రతి చివరా బ్రష్‌తో మందు పూయాల్సిందేనని మేస్త్రి గారి దగ్గర పట్టుబట్టాను. మామూలు మేకులూ వద్దన్నాను. మందులోని రాగి ఇనుమును తినేస్తుంది, పైగా మనది ఉప్పుగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు ఖరీదే, కానీ దయచేసి అక్కడ పొదుపు చేయకండి.

రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ మందును 1933లో కనిపెట్టింది డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంఠి కామేశం గారు. ప్రపంచమంతా వాడిన మందు! ఈ మాట చెబుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆర్సెనిక్ భయంతో ఇప్పుడు ఇళ్ల పనులకు వేరే రాగి మందులు వచ్చాయి, మాదీ అదే.

మిగిలిన ముక్కలు నీళ్లపొయ్యికి ఇమ్మని పక్కింటి పిన్ని అడిగారు. ఇవ్వలేదు. కాలిస్తే ఆ పొగా బూడిదా ప్రమాదం. ఆవిడకు మామూలు సర్వీ కట్టెలు తెప్పించి ఇచ్చాను.