గొంతు చెడకుండా అరవాలంటే

అరిస్తే మనసు తేలికపడుతుందా అంటే, పడుతుంది. కాకపోతే ఆ తేలిక ముందు ఒంటికి. దవడ, భుజాలు, పొట్ట బిగుసుకుపోయి ఉన్నప్పుడు ఊపిరంతా ఒక్కసారిగా బయటికి పోతే ఆ బిగువు సడలుతుంది. కోపం సంగతి వేరు. 1970లో అమెరికా సైకాలజిస్టు ఆర్థర్ జానోవ్, చిన్ననాటి బాధను అరుపుల్లో వెళ్లగక్కాలంటూ ఒక చికిత్సకే పేరు తెచ్చాడు. అది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. 2002లో మరో అమెరికా సైకాలజిస్టు బ్రాడ్ బుష్‌మన్ ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లు, ఊరికే కూర్చున్నవాళ్లకంటే ఎక్కువ కోపంతో మిగిలారు.

అందుకే ఎవరినీ తలుచుకుని అరవొద్దు. తిట్లు వద్దు, అసలు మాటే వద్దు. రొయ్యల గుంటలో వైరస్ పడిందనో, వేలంలో పొగాకు బేళ్లు వెనక్కొచ్చాయనో ఒళ్లు మండిపోతున్నప్పుడు ముందు పది నిమిషాలు కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదలండి. ఆ కాక తగ్గాక అరవండి.

ముందు రెండు గుక్కల నీళ్లు తాగి, నోరు మూసుకుని రెండు నిమిషాలు సన్నగా కూనిరాగం తీయండి. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచండి. బొడ్డు మీద చెయ్యి వేసుకుంటే ఊపిరి పీల్చినప్పుడు ఆ చెయ్యి ముందుకు రావాలి. భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి ఛాతీలోనే ఆగిపోయినట్టు, ఇక భారమంతా గొంతు మీద పడుతుంది. నోరు బాగా తెరిచి, 'ఆ' అని కాకుండా 'హా' అని మొదలుపెట్టండి. 'హ'తో గాలి ముందు కదులుతుంది, స్వరతంత్రులు ఫట్టున కొట్టుకోవు. మామూలు మాటలోనే అవి మగవాళ్లకు సెకనుకు వంద సార్లకు పైగా, ఆడవాళ్లకు రెండొందల సార్ల దాకా తాకుతుంటాయి. అరుపులో ఆ దెబ్బ ఇంకా గట్టిది. ఒక్కో అరుపు రెండు మూడు సెకన్లు, మధ్యలో అర నిమిషం ఆగి, మొత్తం నాలుగైదు చాలు. మెడ నరాలు ఉబ్బినా, గొంతులో గరగర పుట్టినా, దగ్గొచ్చినా అక్కడితో ఆపేయండి. పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కి తల తిరిగితే ఊపిరి మరీ ఎక్కువ తీశారన్నమాట, కూర్చుంటే సర్దుకుంటుంది.

చోటు విషయానికొస్తే నెల్లూరు వాళ్లకు మైపాడు బీచ్, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం బీచ్ ఉన్నాయి. అక్కడ ఒక చిక్కుంది. అలల హోరులో మన గొంతు మనకే వినపడదు, తెలియకుండానే ఇంకా పెంచేస్తాం. రొయ్యల గుంటల దగ్గర నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరిగేటప్పుడూ అంతే. చెవితో కొలవకండి, పొట్ట ఎంత లోపలికి పోతోందో చూసుకోండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొహానికి కొట్టి గొంతు ఎండగడుతుంది. పొద్దున్నే అయితే చాలా రోజుల్లో గాలి ఊరి వైపు నుంచి వీస్తుంది, వీపుకు తగులుతుంది. ఆ వేళకు పడవలు ఒడ్డుకొస్తుంటాయి. ఎవరో మునిగిపోతున్నారని పరిగెత్తుకొస్తారు, కాబట్టి ముందే ఒక మాట చెప్పి, నీళ్లలోకి దిగకుండా అరవండి. రాత్రి గుంట గట్ల మీద మాత్రం వద్దు, దొంగలనుకుని కాపలావాళ్లు వచ్చేస్తారు.

ఇంట్లో అయితే దూది దిండు చాలు. మొహానికి అదమకుండా నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి, గడ్డం కిందికి వంచకండి.

బీపీ అదుపులో లేనివాళ్లు, గిలక (హెర్నియా) ఉన్నవాళ్లు, ఈ మధ్యే కంటికో పొట్టకో ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, జలుబుతో గొంతు బొంగురుపోయినవాళ్లు అరవకూడదు. రోజూ అరవాలనిపిస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

అరిచాక ఆ రోజుకు గొంతుకు పని తగ్గించండి. గుసగుసలాడటం విశ్రాంతి కాదు, దానివల్లా గొంతు బిగుస్తుంది. రాత్రి పొద్దుపోయాక కారంగా చేపల పులుసు తిని వెంటనే పడుకుంటే పులితేన్పులు గొంతుదాకా వచ్చి, అలిసిన స్వరతంత్రులను ఇంకా వాపెక్కిస్తాయి. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోండి. అరుస్తుండగా గొంతు ఉన్నట్టుండి పూర్తిగా పోతే లోపల రక్తం చిమ్మి ఉండొచ్చు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. మామూలు బొంగురైతే మూడు వారాల దాకా చూడొచ్చు.