పర్లాకిమిడిలో కోత, పాతపట్నంలో ఖాతా: బ్యాంకుతో పేచీ ఎవరితో పెట్టుకోవాలి?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగువాళ్లలో చాలామందికి రెండు ఖాతాలుంటాయి. ఒకటి ఆంధ్ర వైపు పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఎప్పుడో తెరిచింది. రెండోది ఇక్కడి ఒడిశా బ్రాంచిలో, పింఛనుకో స్కాలర్‌షిప్పుకో తెరిచింది. డబ్బు కట్టయి అవతలివాళ్లకి చేరకపోతే మనవాళ్లు మొదట అవతలి బ్యాంకుకి పరుగెడతారు, లేదంటే సీఎస్‌పీ (బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బులిచ్చే కేంద్రం) కుర్రాడి మీద పడతారు. రెండూ దండగే. డబ్బు ఏ ఖాతాలోంచి పోయిందో ఆ బ్యాంకునే పట్టుకోవాలి. ఏటీఎం ఎవరిదైనా, వేలిముద్ర మిషను ఎవరిదైనా మీకు జవాబు చెప్పాల్సింది మీ బ్యాంకే. దానికోసం బస్సెక్కి పాతపట్నం వెళ్లక్కర్లేదు కూడా. బ్యాంకు యాప్, కస్టమర్ కేర్, ఈమెయిల్, ఏ దారిన ఇచ్చినా ఫిర్యాదు ఫిర్యాదే. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి, అంతే.

ముందు పాస్‌బుక్ ప్రింట్ వేయించి, పోయిన డబ్బు ఏ వరుసలో ఉందో చూడండి. 118 రూపాయలు, 295 రూపాయలు లాంటి అంకె కనిపిస్తే అది రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ కలిసినదని అనుకోవచ్చు. 100కి 18, 250కి 45. ఆ పక్కన ‘ఏసీహెచ్ రిటర్న్’ అనో ‘ఈసీఎస్ రిటర్న్’ అనో ఉంటే ఈఎంఐ బౌన్స్. ‘మినిమం బ్యాలెన్స్’ అని ఉంటే సంగతి వేరు. పంపిన సొమ్మే పోతే ఆ వరుసలో 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు ఉంటుంది. యూపీఐ, ఐఎంపీఎస్, ఆధార్ వేలిముద్ర లావాదేవీలన్నిటికీ అదే ఆనవాలు. అది లేకుండా కౌంటర్ దగ్గర ఎంత గొంతు చించుకున్నా ‘చూస్తాం’ అనే మాటే వస్తుంది.

పంపిన డబ్బు మధ్యలో ఆగిపోతే ఎన్నాళ్లలో వెనక్కి రావాలో రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్‌లో తేల్చేసింది. మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ, ఐఎంపీఎస్ అయితే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా. దుకాణానికి యూపీఐలో కట్టింది, ఏటీఎంలో కట్టయి నోట్లు రానిది, సీఎస్‌పీ మైక్రో ఏటీఎంలో కట్టయి చేతికి రానిది అయితే ఐదు రోజుల్లో. గడువు దాటాక రోజుకి 100 రూపాయలు పరిహారం, అదీ మీరు అడగకుండానే బ్యాంకు జమ చేయాలి. రోజులంటే క్యాలెండర్ రోజులే, ఆదివారాన్ని మినహాయించరు. ఒక లెక్క చూడండి: సోమవారం సూరత్‌లో ఉన్న కొడుకు యూపీఐలో 4,000 పంపాడు, అతని ఖాతాలో కట్టయింది, ఇక్కడ అమ్మకి రాలేదు. గడువు మంగళవారం. డబ్బు శుక్రవారం వెనక్కి వస్తే బుధ, గురు, శుక్ర, మూడు రోజులకి 300 రావాలి. ఎవరికి? కొడుకు ఖాతాకి. ఫిర్యాదు చేయాల్సింది కూడా కొడుకే, అతని యాప్‌లోనూ అతని బ్యాంకులోనూ. అమ్మ ఇక్కడి బ్రాంచిలో ఎంతసేపు నిలబడినా పని జరగదు, ఎందుకంటే ఆ బ్యాంకు దృష్టిలో డబ్బు అసలు రానేలేదు.

వేలిముద్ర మిషను దగ్గర జరిగే తప్పు మరోటి. ‘ఫెయిలయింది పిన్నీ, మళ్లీ వేలు పెట్టు’ అంటాడు కుర్రాడు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే, నెట్‌వర్క్ మధ్యలో తెగి ఉంటుంది. కానీ ఖాతాలో అప్పటికే కట్టయి ఉండొచ్చు. రెండోసారి వేలు పెట్టేముందు మెసేజ్ చూడండి, ఫోన్ లేకపోతే మినీ స్టేట్‌మెంట్ తీయించండి. ఫెయిలైనదానికి కూడా స్లిప్ అడిగి తీసుకోండి. ఆ స్లిప్ సిరా కొన్నాళ్లకే వెలిసిపోతుంది కాబట్టి అక్కడే ఫోటో తీసుకోవడం మేలు. పింఛను డబ్బు తప్ప ఆ ఖాతాతో వేరే పని లేని పెద్దవాళ్లకి ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర పనిచేయకుండా తాళం) పెట్టి, అవసరమైన రోజు తీసేస్తే ఇంకా నయం.

ఖాతా నంబరు ఇచ్చి బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో తంటా వేరు. అక్కడ పేరు చూసి జమ చేయరు, ఖాతా నంబరు మాత్రమే చూస్తారు. ఒక్క అంకె తప్పు పడి ఆ నంబరుతో ఇంకెవరిదైనా ఖాతా ఉంటే డబ్బు వాళ్లకే పోతుంది, వాళ్లు ఒప్పుకోకుండా బ్యాంకు దాన్ని తీసి ఇవ్వలేదు. అందుకే 2025 ఏప్రిల్ నుంచి ఈ రెండింటిలోనూ పంపేముందు అవతలి పేరు చూసుకునే సౌకర్యం పెట్టించారు, రుసుము లేదు. బ్రాంచికి వెళ్లి పంపించినా ‘పేరు చూసి చెప్పండి’ అని అడగొచ్చు. మన సరిహద్దులో ఇంకో చిక్కు కూడా ఉంది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అదే రోజు ఇక్కడ ఉత్కల్ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అందువల్ల, పాత పాస్‌బుక్ మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌నే (బ్రాంచిని గుర్తించే కోడ్) ఎవరికైనా పంపుతున్నారంటే ఒకసారి బ్రాంచిలో అడిగి సరిచూసుకోండి. లోను ఈఎంఐకి పాత వివరాలే ఇచ్చి ఉంటే లోను కంపెనీలో కూడా.

మినిమం బ్యాలెన్స్ కోతల మీద 2015 ఏప్రిల్ 1 నుంచి ఒక కట్టుబాటు ఉంది. బ్యాలెన్స్ తగ్గిందని ముందు మెసేజో ఉత్తరమో పంపాలి, నెల గడువివ్వాలి, అప్పటికీ నింపకపోతేనే కోయాలి. కోత కూడా ఎంత తగ్గిందో దాన్ని బట్టే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కేవలం ఈ కోత వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఖాతాలో 40 రూపాయలుంటే 118 కోసి మైనస్ 78 చూపించి, తర్వాత వచ్చిన కూలి డబ్బులోంచి ఆ 78 లాక్కున్నారనుకోండి, అది అడిగి వెనక్కి తీసుకోదగిన సొమ్ము. స్టేట్‌మెంట్‌లో మైనస్ పడిన వరుస కింద గీత గీసి చూపించండి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలకి ఈ నిబంధన ఎత్తేసింది. మీ బ్యాంకు ఎత్తేయకపోతే, ఉన్న ఖాతానే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వండి, దానికి మినిమం బ్యాలెన్సే లేదు. జన్‌ధన్ ఖాతా కూడా ఆ జాతిదే.

ఈఎంఐ బౌన్స్ విషయంలో ఒకే తప్పుకి రెండు దెబ్బలు: మీ బ్యాంకు రిటర్న్ చార్జీ, లోను ఇచ్చినవాళ్ల జరిమానా. వాయిదా తేదీన మధ్యాహ్నం వెళ్లి డబ్బు వేస్తే లాభం లేదు, మాండేట్ (ఈఎంఐ కోసుకోమని మీరిచ్చిన అనుమతి) పొద్దుటే వచ్చి తిరిగిపోయి ఉండొచ్చు. ముందురోజు సాయంత్రానికే ఉండాలి. డబ్బుండి కూడా బౌన్స్ అయితే రిటర్న్ కారణం రాతపూర్వకంగా అడగండి, దాన్నిబట్టే రెండు చార్జీలూ వెనక్కి అడగొచ్చు. లోను ఇచ్చినవాళ్ల జరిమానా గురించి రెండు సంగతులు: 2024 నుంచి అది వడ్డీ రూపంలో ఉండకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. ఆ జరిమానా మీద జీఎస్‌టీ కూడా లేదని 2025 జనవరిలో కేంద్రం స్పష్టం చేసింది.

ఇక దుకాణదారుల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్), సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలు, అంటే లిమిట్ దాకా అప్పు వాడుకునే ఖాతాలు. ఇక్కడ పేచీలు ఎక్కువగా లెక్క తెలియక వచ్చేవే. 5 లక్షల లిమిట్ ఉందంటే 5 లక్షలూ వాడుకోవచ్చని కాదు. సరుకు 8 లక్షలు చూపించి, అందులో 2 లక్షలు అరువు సరుకైతే మిగిలింది 6 లక్షలు. దానిలో 25 శాతం మార్జిన్ (మీ సొంత వాటా) తీస్తే డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా వాడుకోగలిగింది, నాలుగున్నర లక్షలే. 4,60,000 చెక్కు రాస్తే తిరిగొస్తుంది, లేదా మేనేజరు దయతలచి పాస్ చేసి అదనపు రుసుము వేస్తాడు. బ్యాంకుకిచ్చే సరుకు లెక్క, స్టాక్ స్టేట్‌మెంట్, గడువు దాటిస్తే ఆ పవర్ కూడా తగ్గిపోవచ్చు. రెండోది నెలాఖరు వడ్డీ. 4,97,000 వాడి ఉన్న ఖాతాకి పది శాతం చొప్పున ముప్పై రోజుల వడ్డీ దాదాపు 4,085. అది పడగానే ఖాతా 5,01,085కి చేరి లిమిట్ దాటుతుంది. మీరు చెక్కేమీ రాయలేదు, అయినా దాటింది! అలా 90 రోజులు ఏకధాటిగా దాటి ఉంటే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. నెలాఖరున పదివేలైనా ఖాళీ ఉంచండి.

ఓటీపీ మోసాల సంగతి వేరు, అక్కడ గంటలే లెక్క. వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్, బ్యాంకుకి ఫిర్యాదు. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోయినదైతే 3 పనిదినాల్లో చెప్పినవాళ్లకి నష్టం ఉండదని 2017 నియమం. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీదే.

అర్జీ ఎలా రాయాలంటే, కథ వద్దు. ‘ఫలానా తేదీన నా ఖాతాలోంచి ఇంత కట్టయింది, ఆర్‌ఆర్‌ఎన్ ఇది, గడువు ఫలానా రోజుతో ముగిసింది, 2019 సెప్టెంబరు 20 సర్క్యులర్ ప్రకారం అసలూ పరిహారమూ జమ చేయగలరు.’ నాలుగు వరుసలు చాలు. ఒడిశా బ్రాంచిలో ఫారాలు ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లోనే దొరుకుతాయి, తెలుగు అర్జీ మూలన పడే ప్రమాదముంది. ఇంగ్లీషులో రాయించి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే కాగితం ఫోటో తీసి ఈమెయిల్ చేయండి, అప్పుడు తేదీ దానంతటదే పడుతుంది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికెళ్తే ఫిర్యాదు తిరగ్గొడతారు, ఎక్కువమంది జారేది ఇక్కడే. ఖర్చేమీ లేదు, మధ్యవర్తి అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో వేయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ దారి చెబుతారు. కాగితం మీదే పంపాలనుకుంటే అది భువనేశ్వర్‌కి కాదు, చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి, పిన్ 160017. నకళ్లే పంపండి, ముద్ర వేసిన అర్జీ మాత్రం ఇంట్లో ఉంచుకోండి.