ఈఎస్ఆర్ 48 అని రాసిన కాగితం

నేను పల్లెవెలుగు బస్సులో కండక్టర్‌ని. కరీంనగర్ చుట్టుపక్కల రూట్లలో పదహారేళ్ళ సర్వీసు. ఎడమ చేతిలో టికెట్ మిషన్, కుడి చెయ్యి పైన రాడ్ మీద. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. దాని మీద నాకు కోపం లేదు. ఎక్కేవాళ్ళలో చాలామంది దవాఖానకో, బిడ్డ ఇంటికో పోయే పెద్దవాళ్ళే. కాకపోతే రాడ్ వదిలి నిలబడే వీలు పోయింది. బ్రేక్ పడినప్పుడల్లా ఒంటి బరువంతా ఆ ఒక్క భుజానికే.

ఫిబ్రవరికల్లా జడ వేసుకోలేకపోయాను. జాకెట్ హుక్స్ మా అమ్మాయి పెట్టేది. కుడి పక్కకు ఒత్తిగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒక శనివారం సాయంత్రం డ్యూటీ దిగి దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్ళాను. రక్తం తీసుకున్నారు. రిపోర్టు వచ్చాక డాక్టర్ గారు ఫోన్ చూసుకుంటూనే, "ఈఎస్ఆర్ 48 ఉందమ్మా. 20 లోపు ఉండాలి. లోపల ఏదో ఉంది. టీబీ కావచ్చు, కేన్సర్ కూడా కావచ్చు. సోమవారం రండి, చూద్దాం" అన్నారు. ఆ తర్వాతి పేషెంట్‌ను పిలిచారు.

శనివారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటి దాకా ఒక మనిషి ఆ మాటతో ఎలా బతకాలో ఆయనకు తట్టలేదు.

మా నాన్న కేన్సర్‌తోనే పోయాడు. ఆయనకూ మొదట రక్తపరీక్షలోనే తేడా తెలిసింది. ఆ రాత్రి మా ఆయనకు చెప్పలేదు, చెబితే తనూ నిద్రపోడు. ఒంటిగంటకు లేచి బీరువా తీసి, ఎడమ చేత్తోనే ఒక్కో కాగితం కింద పరిచాను. ఎల్ఐసీ బాండ్లు, పీఎఫ్ కాగితాలు, అమ్మాయి ఇంటర్ ఫీజు రసీదులు. మధ్యలో ఆ ల్యాబ్ రిపోర్టు. 48 అంకె పక్కన నల్లగా ఒక నక్షత్రం గుర్తు వేసి ఉంది. ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు దాని దగ్గరికే పోయేవి. భుజం నొప్పి ఆ రాత్రి గుర్తే లేదు. "వేములవాడ రాజన్నా, నా బిడ్డ చదువు అయ్యేదాకా ఉంచు, కోడెను కడతాను" అని మొక్కుకున్నాను. మూడు గంటలకు అమ్మాయి లేచి వచ్చింది. ఏమీ అడగలేదు. కాగితాలన్నీ సర్ది, నా పక్కన కూర్చుని తెల్లవారేదాకా నా వీపు రాస్తూనే ఉంది.

సోమవారం అక్కడికి పోబుద్ధి కాక వేరే ఆసుపత్రికి వెళ్ళాను. మళ్ళీ రక్తం, ఎక్స్‌రే. సీఆర్‌పీ అని ఇంకో రక్తపరీక్షలో 2 వచ్చింది, 5 లోపు ఉంటే చాలట. అక్కడి డాక్టర్ నవ్వి, "రక్తంలో ఏమీ లేదు, ఎముక బాగుంది. పని మీద మనసు లేకపోతే ఇలాంటి నొప్పులే వస్తాయి" అన్నాడు. కేన్సర్ అన్నవాడి కంటే వీడి మీదే నాకు కోపం ఎక్కువ. పదహారేళ్ళలో లేని సాకు ఇప్పుడు వెతుక్కున్నానా?

మా డ్రైవర్ అన్న పట్టుబట్టి మూడో డాక్టర్ దగ్గరికి పంపాడు. పెద్దావిడ. కాగితం చూసేముందు నా చెయ్యి పట్టుకుంది. పక్కకు ఎత్తమంది, వెనక్కి పెట్టమంది, తను నొక్కుతుంటే ఆపమంది. తర్వాత రిపోర్టులో ఇంకో గీత చూపించింది. హిమోగ్లోబిన్ 8.9. "రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలిస్తే అదే ఈఎస్ఆర్. రక్తం తక్కువైనా అవి తొందరగా దిగుతాయి. సీఆర్‌పీ అలా కాదు, ఒంట్లో వాపు గట్టిగా ఉంటే కాలేయం దాన్ని ఎక్కువగా చేస్తుంది. నీకది లేదు" అంది. మరి నొప్పి ఎక్కడిదని అడిగాను. భుజం చుట్టూ నాలుగు కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు గుడ్డలా కప్పి ఉంటాయట, అందులో పైది అరిగి కొంచెం చిరిగిందట. "చిరుగు అక్కడికక్కడే ఉంటుంది తల్లీ, దాని కబురు రక్తం దాకా పోదు. అందుకని నొప్పి అబద్ధమా?"

ఆ మాటకు అక్కడే ఏడ్చేశాను. అల్ట్రాసౌండ్‌లో ఆమె చెప్పినట్టే వచ్చింది. షుగర్ పరీక్ష కూడా చేయించింది, షుగర్ ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుందట. నాకు షుగర్ లేదు.

ఆపరేషన్ వద్దంది. ఐరన్ మాత్రలు, కొన్నాళ్ళు ఆఫీసు డ్యూటీ, నాలుగు నెలల ఫిజియోథెరపీ. వేళ్ళతో గోడ ఎక్కడం, రబ్బరు పట్టీ లాగడం. మొదటి నెల ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను. మా ఆయన పొద్దున్నే గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, నిన్నటికన్నా ఎంత పైకి పోయానో చూపించేవాడు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి, సున్నం వేయనివ్వలేదు.

భుజం నొప్పితో ఉన్న అక్కలకు ఒక మాట. ఈఎస్ఆర్ ఒక్కటే చూసి కుంగిపోకండి, హిమోగ్లోబిన్ ఎంతుందో పక్కన పెట్టి చూపించుకోండి. అలాగని పరీక్షలు వద్దనకండి. యాభై దాటాక రెండు భుజాలూ ఒకేసారి పట్టేసి, పొద్దున గంటసేపు కదలకపోతే అది వేరే జబ్బు కావచ్చు, దాన్ని పట్టిచ్చేది ఈ రక్తపరీక్షలే. జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చేయొద్దు. చెయ్యి పట్టుకుని చూడకుండా కాగితం మాత్రమే చూసే డాక్టర్ దగ్గర మాత్రం ఆగొద్దు.

మూడు నెలలకు మళ్ళీ చేయిస్తే హిమోగ్లోబిన్ 11.6, ఈఎస్ఆర్ 22. అమ్మాయి ఆ పాత కాగితం చింపేద్దామంది. నేనే వద్దని బీరువాలో పెట్టాను.

2024 కార్తీకంలో వేములవాడ వెళ్ళాం. కోడె పగ్గం అమ్మాయి పట్టుకోబోతే వద్దని నేనే తీసుకున్నాను. గుడి చుట్టూ అది కాస్త గట్టిగానే లాగింది. కుడి చేత్తోనే పట్టుకున్నాను.