అటక మీద దొరికిన ఆట

ఆదివారం విశాఖ మద్దిలపాలెంలో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత క్రికెట్ గేమ్ డిస్క్ దొరికింది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్న జగదాంబ దగ్గర కొనిపెట్టారు. 2014లో హుద్‌హుద్‌కి కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్లయినా ఆ డబ్బాకి ఏమీ కాలేదు. మన సముద్రపు గాలికి ఇనుప గేట్లే తుప్పు పట్టిపోతాయి కదా, ఇది మాత్రం అలాగే ఉంది. తమ్ముడి పాత కంప్యూటర్‌లో పెడితే ఆడింది! రాత్రి ఒంటిగంట దాకా ఇద్దరం వదల్లేదు.

మొదటి జీతంతో ఆన్‌లైన్‌లో కొన్న ఫుట్‌బాల్ గేమ్ మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. కంపెనీ సర్వర్లు ఆపేసింది, అంతే. డబ్బు కట్టింది నేను, తీసేసుకున్నది వాళ్లు. చాలా కోపం వచ్చింది.

నా ఒక్కడి బాధే కాదిది. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ ‘ది క్రూ’ కార్ల రేసు ఆట సర్వర్లు మూసేసింది. ఒంటరిగా ఆడాలన్నా నెట్ కావలసిన ఆట కాబట్టి కొన్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాతే, అమ్మిన ఆటల్ని కంపెనీలు ఇలా పనికిరాకుండా చేయకూడదంటూ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలై, యూరప్‌లో సంతకాలు 10 లక్షలు దాటాయి. ఇచ్చేది సొంత హక్కు కాక లైసెన్సే, అంటే వాడుకునే అనుమతే అయినప్పుడు ‘కొనండి’ అని రాస్తే, ఆ సంగతి ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టం ఉంది. మనకీ అలాంటిది రావాలి.

ఇకమీద జీఓజీ అనే ఆటలమ్మే సైట్లో లాగా ఇన్‌స్టాలర్ దించుకుని దాచుకోనిచ్చే చోటే కొంటాను. డిస్క్‌ని అమ్మ చీరల పెట్టెలో భద్రంగా పెట్టాను.