ఒక జనరేటర్, మా వీధంతటికీ

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగిపోయి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, నీళ్లు లేవు. అప్పుడు మా వీధిలో ఒకాయన జనరేటర్ని ఆటోలో పెట్టుకుని ఇంటింటికీ తిప్పాడు, మోటార్ ఆడించి ట్యాంకులు నింపుకున్నాం, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నాం, డీజిల్ డబ్బులు తలా కొంత వేసుకున్నాం. షేరింగ్ ఎకానమీ, అంటే ఉన్నదాన్ని నలుగురూ పంచుకుని వాడుకోవడం, అనగానే అందరూ ఊబర్, ఓలా అంటారు గానీ నాకు మాత్రం ఆ జనరేటరే గుర్తొస్తుంది. నాట్లప్పుడు ఒకళ్ల పొలానికి ఒకళ్లు బదులు పనికి వెళ్లడం కూడా అదే కదండీ.

వస్తువులే కాదు, సమాచారాన్నీ జనం ఇలాగే పంచుకోవచ్చు. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత గొడవలైనప్పుడు ఎక్కడేం జరుగుతోందో జనమే మెసేజ్‌లు పంపితే మ్యాప్ మీద చూపించే ఉషాహిది అనే వెబ్‌సైట్ పుట్టింది, స్వాహిలీలో ఆ మాటకి సాక్ష్యం అని అర్థం. 2010లో హైతీ భూకంపానికీ అది వాడారు, పైగా ఎక్కడెక్కడో ఉన్న వాలంటీర్లు శాటిలైట్ ఫోటోలు చూసి, ఎవరైనా గీయగలిగే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ వీధులు గీశారు, సహాయ బృందాలు ఆ మ్యాప్ పట్టుకుని తిరిగాయి.

తిత్లీకి సాయం తెచ్చిన లారీలు మెయిన్‌రోడ్డు ఊళ్ల దగ్గరే ఆగిపోయాయి, తోటల లోపల ఊళ్లున్నాయనే బయటోళ్లకి తెలీదు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే ఆదివారాలు కూర్చుని మా చుట్టుపక్కల దారులు, బోర్లు, తుఫాను షెల్టర్లు మ్యాప్‌లో పెడుతున్నా. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు వాళ్లెవరైనా ఉంటే మీ వీధి మీరు గీయండి, ఫోన్ చాలు, ఎలాగో నేను చెప్తా.