మైకులో మెచ్చుకోలు

"లవ్లీ అన్నావు కదా, ఏది లవ్లీ? నా ఊపిరా, నా రక్తనాళమా?"

ఊపిరి ఆపినందుకు నేను మైకులో 'లవ్లీ' అంటే, ఎమ్మారై మిషన్ లోపల పడుకుని ఒక పెద్దావిడ అడిగిన మాట ఇది. డెబ్బై దాటిన ఇంగ్లీషావిడ, ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవారట. ఊపిరి ఆపడం సగంలోనే మానేశానని తనకే తెలుసని, తెలిసీ పొగిడితే చిన్నపిల్లని బుజ్జగించినట్టుంటుందని కూడా అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న సహోద్యోగి నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఇంటికొచ్చి అన్నం తింటున్నా ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే ఆ 'లవ్లీ' నా సొంతం కాదు. వీళ్ళు నేర్పితే కష్టపడి నేర్చుకున్నది.

ఉత్తర ఇంగ్లండులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నేను రేడియోగ్రాఫర్ని. హైదరాబాదులో డయాగ్నస్టిక్ సెంటర్లో చేసింది కూడా ఇదే పని, కాకపోతే అక్కడ ఎక్కువగా నడుములు, మోకాళ్ళు, తలలు. ఇక్కడ కొన్ని రోజులు పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల ధమనిలో బీపీ పెరిగే జబ్బు, ఉన్నవాళ్ళ లిస్టు ఉంటుంది. బీపీ అనగానే మనకు చేతికి పట్టీ చుట్టి చూసేదే గుర్తొస్తుంది. గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం మోసుకెళ్ళే ధమనిలో బీపీ వేరు. అది చాలా తక్కువ, సగటున 14 దగ్గర ఉంటుంది. విశ్రాంతిలో 20 దాటితే ఎక్కువ కిందే లెక్క. ముందు ఆ గీత 25 దగ్గర ఉండేది, 2022 యూరప్ మార్గదర్శకాలతో కిందికి దిగింది. దాన్ని కచ్చితంగా చూడాలంటే మెడలోనో తొడ దగ్గరో సిరలోంచి సన్న గొట్టం గుండె దాకా పంపాల్సిందే. ఎమ్మారై ఆ పీడనాన్ని నేరుగా కొలవలేదు. ధమని గోడ ఎంత సాగుతోందో చూపిస్తుంది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ధమని ఉబ్బి, మళ్ళీ తగ్గుతుంది. అలా ఉబ్బగలిగితేనే గుండె తోసిన రక్తాన్ని కాస్త తనలో పట్టి ఉంచి మెల్లగా ముందుకు పంపగలదు. జబ్బు ముదిరేకొద్దీ గోడ ఎండకి బిగుసుకుపోయిన పొలం మోటారు పైపులా అయిపోతుంది. అప్పుడు భారమంతా గుండె కుడి గది మీద పడుతుంది. ఈ జబ్బులో మనిషి బతుకు చాలావరకు ఆ కుడి గది ఓర్పు మీదే ఆధారపడి ఉంటుంది.

మేం చేసేదేమిటంటే, ధమని రెండుగా చీలకముందు, దానికి సరిగ్గా అడ్డంగా ఒక స్లైస్, అంటే అడ్డంగా కోసినట్టు కనిపించే బొమ్మ, తీసుకుని, ఈసీజీతో జతచేసి, గుండె ఒకసారి కొట్టుకునేంతసేపటికీ వరసగా బొమ్మలు తీస్తాం. వాటిలో గుండ్రం ఎప్పుడు పెద్దదో, ఎప్పుడు చిన్నదో చూస్తారు. పెద్ద వైశాల్యంలోంచి చిన్నది తీసేసి, మిగిలినదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చే శాతమే ఆ సాగుడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 40 శాతం పైన ఉండటం మామూలే. 16 శాతం కంటే తక్కువున్న రోగులు మిగతావాళ్ళంత కాలం బతకలేదని 2007లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుల అధ్యయనం చెప్పింది. అదే స్లైసులో రక్త ప్రవాహం కూడా కొలిస్తే నాడి అల, అంటే గుండె కొట్టినప్పుడల్లా ధమని వెంట పాకే అల, ఎంత వేగంగా పరుగెడుతోందో లెక్క కట్టొచ్చు. మెత్తటి ధమనిలో అది సెకనుకు రెండు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, బిరుసెక్కిన దాంట్లో ఇంకా వేగం. విశ్రాంతిలో పీడనం పెరగకముందే కొందరిలో ఈ బిరుసుతనం బయటపడుతుంది. డాక్టర్లకి ఈ కొలత మీద అంత ఆసక్తి అందుకే.

ఇప్పుడు ఊపిరి సంగతి. మూడు సెంటీమీటర్ల ధమని 15 శాతం సాగిందంటే దాని వ్యాసం పెరిగేది రెండు మిల్లీమీటర్లు. మా బొమ్మలో ఒక్కో చుక్క ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఊపిరి కదిలి గుండ్రం అంచు ఒక్క చుక్క మేర అలుక్కుపోయిందా, కొలవాల్సిందంతా ఆ మసకలో కలిసిపోతుంది. లెక్కల టీచరు కాబట్టి ఆవిడకి ఇది నాకంటే బాగా అర్థమయ్యేది.

అందుకే పది పదిహేను సెకన్లు ఊపిరి ఆపమంటాం. అదీ గుండెల నిండా పీల్చి కాదు, మామూలుగా వదిలేసి, ఆ ఖాళీ దగ్గర. పీల్చి ఆపమంటే ఒకసారి ఎక్కువ పీలుస్తారు, ఒకసారి తక్కువ, ధమని కూడా ఆ మేరకు చోటు మారుస్తుంది. వదిలినప్పుడైతే ఇంచుమించు ఒకే చోటికి వస్తుంది. పార్కింగ్ నుంచి నడిచి రావడానికే ఆయాసపడ్డ మనిషిని ఊపిరి వదిలేసి ఆగమనడం ఎలాంటిదో ఊహించుకోండి. ఎవరైనా ఎనిమిదో సెకనులోనే ఆపలేక పీల్చేస్తే అందులో వాళ్ళ తప్పేముంది?

ఇక నా గొంతు కథ. చేరిన కొత్తలో పైఆవిడ ఒకరు నా వెనక కూర్చుని గమనించి, తర్వాత టీ ఇచ్చి, ఇక్కడి పద్ధతి ప్రకారం ముందు నా బొమ్మల్ని తెగ పొగిడి, అప్పుడు అసలు మాట చెప్పారు. మైకులో నా గొంతు ఆర్డర్లు వేస్తున్నట్టు ఉందట, రోగులు నొచ్చుకోవచ్చట. నేనేమన్నాను? "పీల్చండి, వదలండి, అక్కడే ఆపండి, కదలకండి." హైదరాబాదులో ఇంతకంటే గట్టిగా చెప్పేవాణ్ణి, బయట క్యూ ఎంత ఉందో తలుచుకుంటే గొంతు దానంతటదే లేచేది. అక్కడ ఒక్కరూ నొచ్చుకున్న గుర్తు లేదు. వెళ్ళేటప్పుడు "వస్తాం బాబూ" అని చెప్పి మరీ వెళ్ళేవాళ్ళు. సరే, దేశం వాళ్ళది. ఊపిరి ఆపిన ప్రతిసారీ లవ్లీ, బ్రిలియంట్, పర్ఫెక్ట్ అనడం అలవాటు చేసుకున్నాను. ఈ దేశంలో సరిపడా చిల్లరిచ్చినా పర్ఫెక్టే, బస్సు పాసు చూపించినా లవ్లీయే, నాకు పెద్ద కష్టమనిపించలేదు.

కానీ దుకాణం వేరు, ఆ మిషన్ వేరు. లోపల చెవులు చిల్లులుపడే చప్పుడు, కళ్ళ ముందు అడుగు దూరంలో ప్లాస్టిక్ గోడ. బయటి ప్రపంచం నుంచి లోపలికి వెళ్ళేది ఒక్క మా గొంతే. ప్రాణభయంతో పడుకున్న మనిషి ఆ గొంతుని తూకం వేస్తూ ఉంటుంది. రిజల్ట్ గురించి మేం ఒక్క మాట కూడా చెప్పకూడదు, "డాక్టరు చెప్తారు" అనాలి, అది రూలు. మంచి రూలే. అయితే నా స్క్రీన్ మీద ఏమాత్రం సాగకుండా మొండికేసిన గుండ్రం కనిపిస్తుంటే, అదే నిమిషంలో నేను మైకులో లవ్లీ అంటుంటే, నేను రిజల్ట్ చెప్పనట్టా, తప్పుడు రిజల్ట్ చెప్పినట్టా? సహోద్యోగిని అడిగితే, అది ఊరికే అనే మాట, ఎవరూ పట్టించుకోరు అంది. పట్టించుకున్నారుగా, ఇప్పుడే, మన ముందే!

మన దగ్గర టెక్నీషియన్ విసుక్కున్నాడని ఎవరూ తమ జబ్బు ముదిరిందనుకోరు, మెత్తగా మాట్లాడాడని తగ్గిందనుకోరు. అతని గొంతు అతనిది, జబ్బు జబ్బుది. ఈ మాట వీళ్ళకి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. చెప్పబోతే మా పెద్దమ్మ జ్ఞాపకం అడ్డం వస్తుంది. ఆవిడకి చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం పాడైంది, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల ధమనులకు పాకింది. ఆస్పత్రిలో అన్నీ పెదనాన్నకే చెప్పారు. ఆవిడకి "ఏం లేదమ్మా, నీరసం" అన్నారు. కారిడార్లో నిలబడ్డ మా అందరికీ తెలుసు, మంచం మీదున్న ఆవిడకే తెలియదు. తెలియనట్టు ఉండటం ఆవిడ వంతు అనుకున్నాం. ఇక్కడ క్లినిక్ ఉత్తరం కాపీ నేరుగా రోగి ఇంటికే పోస్టులో వస్తుంది, అంకెలతో సహా. అది మొదటిసారి చూసినప్పుడు అసూయ పుట్టింది. కాగితం మీద అంత నిజాయితీ ఉన్నవాళ్ళకి మైకులో ఈ తీపి ఎందుకో మరి, ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఆ రోజు ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. "మధ్యలో కదిలింది, బొమ్మ మసకబారింది. అది మీ ఊపిరి సంగతి, ధమని సంగతి నేను చెప్పకూడదు. ఇంకో పద్ధతి ఉంది, మామూలుగా ఊపిరి పీలుస్తూ ఉండండి, నేనే ఎక్కువసార్లు తీసి సగటు కడతాను, కొన్ని నిమిషాలు పడుతుంది." అంచులు అంత పదునుగా రాకపోయినా కొలవడానికి పనికొచ్చాయి. సగటు అనగానే ఆవిడ "ఆ, అలా చెప్పు" అన్నారు.

అప్పట్నుంచి మెచ్చుకోలు తగ్గించి ఊపిరి గురించి మాత్రమే మాట్లాడుతున్నాను: పది సెకన్లు ఆగారు, సరిపోతుంది, లేదా, చాల్లేదు, ఇంకోసారి. కొందరికి ఇది మొరటుగానే ఉంటుందేమో, కాదనను. మొన్న కేరళ నుంచి కొత్తగా చేరిన అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టారు. తనకి కూడా ఇలాగే చెప్పమన్నాను.

"మేడమ్ వింటే?" అంది.

"వింటే విననీ, బొమ్మలు చూపిద్దాం" అన్నాను.