కోర్ ప్లగ్ నుంచి కమిటీ గది దాకా: జియో-ఎనర్జీ పీహెచ్‌డీలకు ఏం నేర్పాలి

ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీ నాయకత్వంలో 2019లో మొదలైన జియోనెట్‌జీరో కేంద్రం, పీహెచ్‌డీ పరిశోధనతో పాటు 20 వారాల శిక్షణను కూడా చేర్చింది. మంచి పద్ధతే. కానీ ఇలాంటి శిక్షణల్లో ల్యాబ్ పని ఒక వారం, ప్రొఫెషనల్ స్కిల్స్ ఇంకో వారం అని విడగొడితే రెండూ సగమే ఒంటబడతాయి. భూమి లోతుల్లోని రాళ్లలో కార్బన్ డయాక్సైడ్ నిల్వనే తీసుకుంటే, ఒక్క రాతి ముక్కతో రెండూ నేర్పొచ్చు.

ముందు కొలత. 38 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవున్న ఇసుకరాయి ప్లగ్ (బావి నుంచి తీసిన రాతిలోంచి కోసిన చిన్న స్తంభం) ఘనపరిమాణం సుమారు 56.7 ఘ.సెం.మీ. హీలియంతో గింజల ఘనపరిమాణం కొలిచి ఇందులోంచి తీసేస్తే పోరాసిటీ, అంటే రాతిలో ఖాళీల శాతం, తేలుతుంది. కాలిపర్స్‌లో వ్యాసం 0.2 మి.మీ. ఎక్కువ చదివితే చాలు, 20 శాతం పోరాసిటీ కాస్తా 20.8 అయిపోతుంది. అందుకే వ్యాసాన్ని నాలుగైదు చోట్ల కొలిపించాలి, అంచు చిట్లిన ప్లగ్‌ను పక్కన పెట్టించాలి.

అసలు చిక్కు ఓవెన్‌లో వస్తుంది. క్లే (బంకమట్టి ఖనిజాలు) ఉన్న రాయిని 105 డిగ్రీల్లో ఎండబెడితే, వాటిలో ఒకటైన స్మెక్టైట్ పొరల మధ్య నీరు కూడా పోయి, ఆ చోటు పోరాసిటీలో కలుస్తుంది. 60 డిగ్రీల్లో, తేమ అదుపులో ఉంచి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. మరో క్లే ఖనిజమైన ఇల్లైట్ పోగులుంటే అదీ చాలదు. ఆరే నీటి తలతన్యతకు పోగులు గోడలకు అతుక్కుని దారులు తెరుచుకుంటాయి, పెర్మియబిలిటీ (ద్రవాలు, వాయువులు రాతిలోంచి ఎంత తేలిగ్గా పారతాయో) ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తక్కువ పీడనంలో గ్యాస్‌తో కొలిచినా అంతే. నాలుగైదు పీడనాల దగ్గర కొలిచి, ఆ అదనాన్ని తీసేసే క్లింకెన్‌బర్గ్ సవరణ చేయాల్సిందే.

ఇక ఎంత నిల్వ చేయొచ్చో లెక్క. 10 చ.కి.మీ. విస్తీర్ణం, 50 మీటర్ల మందం, 20 శాతం పోరాసిటీ, లోతులో కార్బన్ డయాక్సైడ్ సాంద్రత ఘనపు మీటరుకు 700 కిలోలు అనుకుందాం. ఖాళీ అంతా నిండితే 7 కోట్ల టన్నులు. కానీ నీటికన్నా తేలిక కాబట్టి అది పైకి ఎగబాకి పైకప్పు రాయి కింద పరుచుకుంటుంది, కింది రాయి చాలామటుకు నీటితోనే ఉండిపోతుంది. నిండేది 1 శాతమైతే 7 లక్షల టన్నులు, 4 శాతమైతే 28 లక్షలు. పోరాసిటీలో ఆ 0.8 తెచ్చే తేడా 4 శాతమే. నిండే శాతం తెచ్చేది నాలుగింతలు. అయినా నివేదికల్లో మొదటిదానికి గ్రాఫులు, రెండోదానికి అనుబంధంలో ఒక వాక్యం!

కాబట్టి స్కిల్స్ పరీక్ష ఇక్కడే పెట్టాలి. ఒక్క స్లైడు, పది నిమిషాలు, ఎదురుగా ఒక ఇంజనీరు, ఒక అనుమతుల అధికారి, ఒక ఊరివాసి. అంచనాను పరిధిగా చెప్పాలి. ఏ బావి తవ్వితే, ఏ సర్వే చేస్తే ఆ పరిధి తగ్గుతుందో, దానికి ఖర్చెంతో చెప్పాలి.

తర్వాత ఉత్తర సముద్రంలో నార్వే భాగంలోని స్లైప్నర్ నిల్వ ప్రాజెక్టు గురించి అడగాలి. అక్కడ 1996లో మొదలుపెట్టి చాలా ఏళ్లపాటు ఏటా 10 లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అడుగున ఉట్సిరా అనే ఇసుకరాతి పొరలోకి పంపారు. అది తొమ్మిది అంతస్తులుగా పరుచుకుందని తర్వాతి సీస్మిక్ సర్వేల్లో (ధ్వని తరంగాలతో భూగర్భాన్ని చూసే సర్వేలు) తేలింది. మధ్యలో అడ్డుపడ్డ షేల్ (మట్టిరాయి) పొరలు చాలావరకు మీటరు మందమే కావడంతో ముందు తీసిన సీస్మిక్‌లో అవి కనబడలేదు. మరి మీ స్థలంలో అలాంటి పొరలు లేవని ఎలా చెబుతారు? “మోడల్ ప్రకారం” అని జవాబు మొదలైతే అక్కడే ఆపి, ఏ బావి, ఏ లోతు, ఏ లాగ్ (బావిలో లోతు వెంబడి తీసిన కొలతల రికార్డు) అని అడగాలి.